ఇటుకలు పట్టిన చేతులు

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగంలో మిసిసిపి అనే రాష్ట్రం ఉంది. ఒకప్పుడు పత్తి పొలాలకు పేరుపొందిన ఆ రాష్ట్రంలో క్రాఫర్డ్ ఒక చిన్న ఊరు. 1962 అక్టోబరు 13న పుట్టిన జెర్రీ రైస్ ఆ ఊళ్లోనే పెరిగాడు. అతడు పుట్టేనాటికి అక్కడ నల్లజాతి పిల్లలకు, తెల్లజాతి పిల్లలకు బడులు వేరువేరుగా ఉండేవి. తండ్రి తాపీ మేస్త్రి. ఇంట్లో ఎనిమిదిమంది పిల్లలు. నల్లజాతికి చెందిన ఆ కుటుంబానికి తండ్రి రెక్కల కష్టమే ఆధారం.

వేసవి వచ్చిందంటే కొడుకులు తండ్రి వెంట పనికి వెళ్లేవారు. అన్నదమ్ములు కింద నుంచి ఇటుకలు విసిరితే, జెర్రీ పైన నిలబడి పట్టుకొనేవాడు. ఎండలో గంటల తరబడి ఈ పని సాగేది. చూపు చెదిరితే ఇటుక చేజారుతుంది. ఆ విధంగా అతని చేతులకు బలం, కంటికి గురి అలవడ్డాయి.

ఉన్నత పాఠశాలలో చదివేటప్పుడు ఒకరోజు జెర్రీ తరగతి ఎగ్గొట్టి తిరుగుతున్నాడు. ఉప ప్రధానోపాధ్యాయుడు వెనుక నుంచి వచ్చేసరికి అదిరిపడి పరుగు లంకించుకున్నాడు. దొరికాక దండన తప్పలేదు. అయితే ఆ పరుగు చూసిన ఉపాధ్యాయుడు అతణ్ణి ఫుట్‌బాల్ జట్టుకు పంపించాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. ఇందులో బంతి కోలగా ఉంటుంది. దానిని చేతులతో విసరవచ్చు, చేతబట్టుకొని పరుగెత్తవచ్చు. ఒక్కొక్క జట్టు తరఫున పదకొండుమంది మైదానంలో ఉంటారు. వంద గజాల పొడవున్న మైదానంలో బంతిని ఎదుటివారి చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. దీనినే టచ్‌డౌన్ అంటారు. దూరంగా పరుగెత్తి, విసిరిన బంతిని అందుకొనే ఆటగాడిని రిసీవర్ అంటారు. జెర్రీ రైస్ రిసీవర్ అయ్యాడు.

పెద్ద విశ్వవిద్యాలయాలేవీ అతణ్ణి పిలవలేదు. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన మిసిసిపి వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1984లో అక్కడ 27 టచ్‌డౌన్లకు బంతి అందుకొన్నాడు. అయినా అతని వేగం చాలదని కొందరు పెదవి విరిచారు. 1985లో వృత్తి జట్లు ఆటగాళ్లను ఎంచుకొనేటప్పుడు పదిహేనుమంది తర్వాత అతని వంతు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు అతణ్ణి తీసుకొంది.

మొదటి సంవత్సరం అతనికి పరీక్షా కాలమే. ఇటుకలు జారవిడవని చేతుల నుంచి బంతి మాటిమాటికీ జారిపోయింది. ప్రేక్షకులు గేలి చేశారు. జెర్రీ ఎవరినీ నిందించలేదు. సాధన పెంచాడు. ఆటలు లేని నెలల్లో సుమారు నాలుగు కిలోమీటర్ల కొండదారిలో ఎగువకు పరుగెత్తేవాడు. ఆ మొదటి ఏడాది 927 గజాలు సాధించినవాడు, మరుసటి ఏడాది 1,570 గజాలు సాధించాడు. 1987లో పన్నెండు ఆటల్లోనే 22 టచ్‌డౌన్లకు బంతి అందుకొన్నాడు. ఆ దేశపు అగ్రపోటీ అయిన సూపర్ బౌల్‌ను ఆయన జట్టు ఆయన ఉన్న కాలంలో మూడుసార్లు గెలిచింది.

1997లో తొలి ఆటలోనే మోకాలి కండరబంధం తెగింది. ఆ ఏడాదే తిరిగి వచ్చాడు. ఆ రోజే మోకాలి చిప్ప చిట్లింది. ఇక ఆట ముగిసినట్లేనని పలువురు భావించారు. కాని 1998లో ఆయన పదహారు ఆటలూ ఆడాడు. 2002లో నలభై ఏళ్లు నిండిన ఏడాది కూడా ఓక్లాండ్ జట్టు తరఫున 1,211 గజాలు సాధించాడు.

2005లో విరమించేనాటికి ఆయన అందుకొన్న బంతులు 1,549. సాధించిన దూరం 22,895 గజాలు. ఆయన తర్వాతి స్థానం పొందిన లారీ ఫిట్జెరాల్డ్ 17,492 గజాల వద్ద ఆగాడు.

2010లో జెర్రీ రైస్‌కు ఆ క్రీడలో అత్యున్నత గౌరవం లభించింది. ఆనాటి సభలో ఆయన తన విజయాలను గొప్పగా చెప్పుకోలేదు. ఓడిపోతానన్న భయమే జీవితమంతా తనను నడిపించిందని, ఆటను ఆస్వాదించడానికి ఏనాడూ తీరిక చేసుకోలేదని, అదొక్కటే తనకు మిగిలిన చింత అని చెప్పాడు. శ్రమ మనిషిని ఎంత ఎత్తుకు చేర్చగలదో ఆయన జీవితం చెబుతుంది. చేసే పనిలో సంతోషాన్ని కూడా వెతుక్కోవాలని ఆయన మాట చెబుతుంది. రెండూ నేర్చుకోదగినవే.

ప్రశ్నలు

1. తండ్రి వెంట చేసిన పని జెర్రీ రైస్ ఆటకు ఏ విధంగా తోడ్పడింది?
2. మొదటి సంవత్సరం ఎదురైన అవమానాన్ని ఆయన ఎలా అధిగమించాడు?
3. ఎన్నో విజయాలు సాధించిన వ్యక్తికి చింత ఎందుకు మిగిలింది? మీ మాటల్లో రాయండి.
4. సొంతవాక్యాలలో ప్రయోగించండి: రెక్కల కష్టం, పెదవి విరచు, పరుగు లంకించుకొను.