పొద్దున డ్యూటీ ఉన్నవాళ్ల వేట

ఫిలడెల్ఫియా పక్కన స్థిరపడి పాతికేళ్లు దాటింది. 2008లో 'హంటర్: ది విజిల్' అనే రోల్‌ప్లేయింగ్ ఆట పుస్తకం వచ్చిన కొత్తలో ఆఫీసులో ఓ స్నేహితుడు నా చేతిలో పెట్టి, "మన ఊరు కూడా ఉందిందులో" అన్నాడు. అప్పట్నుంచీ శనివారం రాత్రిళ్లు మా భోజనాల బల్ల మీద నాలుగు క్యారెక్టర్ షీట్లు, గుప్పెడు పది ముఖాల పాచికలు. కథ నడిపే స్టోరీటెల్లర్ని నేను. మిగతావాళ్లు రాక్షసుల వెంటపడే మామూలు మనుషులు. ఈ ఆట కొత్తగా ఆడించబోయే పిల్లలు అడిగారని నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ఆయుధం సంగతి తర్వాత, ముందు ఉద్యోగం అడగండి.

1999లో వచ్చిన 'హంటర్: ది రెకనింగ్'లో వేటగాళ్లకి ఎక్కడినుంచో శక్తులు దిగేవి. విజిల్‌లో చిన్న జట్టుగా మొదలయ్యేవాళ్లకి అవేం ఉండవు. నా బల్ల దగ్గర ఒకావిడ నర్సు పాత్ర తీసుకుంది. పొద్దున ఏడింటికి డ్యూటీ, బడికెళ్లే కొడుకు, ఒకటో తారీఖుకి అద్దె. ఆటలో విల్‌పవర్ అని ఓ లెక్క ఉంది. ఒక పాయింటు ఖర్చుపెడితే మూడు పాచికలు అదనంగా వేసుకోవచ్చు. రాత్రి కంటినిండా నిద్రపోతే ఒక పాయింటు తిరిగొస్తుంది. తెల్లవార్లూ శ్మశానం గోడ పక్కన కారులో కాపలా కాసే మనిషికి ఆ నిద్రెక్కడిది? ఆవిడ పెన్సిల్‌తో ఒక్కో చుక్కా చెరిపేస్తుంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు షీటు వంకే చూసేవాళ్లు. నేను వర్ణించిన కోరలు, గోళ్లు ఎవరికీ పట్టలేదు.

2. రాక్షసుణ్ణి చూపించకండి.

నా మొదటి వాంపైర్ని పది నిమిషాలు వర్ణించాను. అయ్యాక ఒకడు, "పిజ్జా ఎప్పుడొస్తుందండీ?" అన్నాడు. రాత్రిపూట తలుపు తట్టి పిలిచే ఆడదయ్యానికి భయపడి మన వైపు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులు నాకు బాగా గుర్తు. ఆవిణ్ణి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా చీకటి పడ్డాక తలుపు చప్పుడైతే మా అమ్మ మొదటి పిలుపుకి పలికేది కాదు. ఆ తలుపు గుర్తొచ్చాకే నాకు ఈ ఆట ఆడించడం వచ్చింది.

3. పెద్ద ముఠాల జోలికి తొందరపడి పోవద్దు.

పుస్తకంలో మూడు మెట్లున్నాయి: నలుగురైదుగురి చిన్న జట్టు, దానిపైన కాంపాక్ట్‌లు, ఆపైన కాన్‌స్పిరసీలు. కుర్రాళ్లకి మూడో మెట్టు మీదే కన్ను, అక్కడ ప్రత్యేక శక్తులూ సామగ్రీ దొరుకుతాయి కాబట్టి. నాకు మాత్రం మధ్యమెట్టులోని 'యూనియన్' ఇష్టం. వాళ్లు తమ వీధినీ తమ ఇంటివాళ్లనీ కాపాడుకునే కష్టజీవులు.

4. బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు ఉంచండి. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సన్నివేశం వదిలేసి ముందుకెళ్లాలి. ఎందుకని అడక్కూడదు. నేను ఒకసారి అడిగాను, ఆ మనిషి మళ్లీ మా ఇంటికి రాలేదు.

5. సున్నా పాచికలకి భయపడకండి.

మామూలుగా ఎనిమిదీ ఆపైన పడితే గెలుపు. ఇబ్బందులకి పడే కోతలన్నీ తీసేశాక పాచికలు సున్నా అయితే ఒక్కటే పాచిక వేయాలి. దాన్ని ఛాన్స్ డై అంటారు. పది పడితేనే గెలుపు, ఒకటి పడితే ఘోరం. కొత్త స్టోరీటెల్లర్లు జాలిపడి కోతలు తగ్గించేస్తారు. నేనూ ఆ పని చేసేవాణ్ణి, ఆ రాత్రి వరకూ.

సౌత్ ఫిలడెల్ఫియాలో వరసిళ్ల మధ్య ఓ ఇంటి బేస్‌మెంట్. నర్సు చేతిలో ఎప్పుడూ పేల్చని చిన్న పిస్టల్. పేల్చడం రానందుకు ఒక కోత, చీకటికి ఇంకో కోత. టార్చి మెట్ల మీదే జారిపోయింది. విల్‌పవర్ చుక్కలు ఎప్పుడో అయిపోయాయి. లెక్క సున్నాకి దిగింది. నేను నోరు మూసుకుని ఒక పాచిక ఆవిడ ముందుకి జరిపాను. ఆవిడ విసిరిన విసురుకి అది బల్ల దాటి సోఫా కిందకి దొర్లింది. నలుగురం మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ లైట్లు వేసి వెతికాం. దుమ్ములో మూడు చూపిస్తూ ఉంది. గురి తప్పింది.

ఆవిడ కాసేపు నేల మీదే కూర్చుని, "పొద్దున డ్యూటీకి రానని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పొచ్చా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.