హారతి కర్పూరం: మనం తెలుసుకోవలసిన సంగతులు

ఈ సంచికలో మేము కర్పూరం గురించి వివరిస్తున్నాం. రౌస్ హిల్‌లో ఉంటున్న మనకు కర్పూరం చెట్టు దూరమేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో నీడ కోసం తెచ్చి నాటిన క్యాంఫర్ లారెల్, ఇప్పుడు న్యూ సౌత్ వేల్స్‌లో వాగుల వెంట కలుపుచెట్టుగా పెరిగిపోయింది. ఇది దాల్చినచెక్క కుటుంబానికి చెందినదే. ఆకు నలిపితే కర్పూరం వాసన వస్తుంది.

ఆకు, చెక్కల నుంచి ఆవిరితో తీసిన తైలంలో కర్పూరంతో పాటు సినియోల్, లినలూల్, సాఫ్రోల్ ఉంటాయి. ఏది ఎంత అన్నది చెట్టును బట్టి మారుతుంది. అందుకని ఆ ఆకును బిర్యానీ ఆకులా వంటలో వాడకూడదు. కర్పూరం చర్మం మీద చల్లదనాన్ని గుర్తించే నాడులను ప్రేరేపిస్తుంది. నొప్పి, దురద తగ్గినట్లు అనిపించేది అందుకే. బాముల్లో కలిపేదీ అందుకే.

ఈ రోజుల్లో దొరికే కర్పూరంలో ఎక్కువ భాగం పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీల్లో తయారైనదే. హారతి బిళ్లలు వెలిగించడానికే. తీర్థంలో వేసేది తినడానికని అమ్మే పచ్చకర్పూరం, అదీ చిటికెడులో కొంచెమే.

పసిపిల్లలు కర్పూరం కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం కలిపిన నూనె, బామ్ రాయకండి. పూజగదిలోని డబ్బాను పిల్లలకు అందకుండా పెట్టండి. పొరపాటున మింగితే వాంతి చేయించకండి. వెంటనే పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌కు 13 11 26లో ఫోన్ చేయండి, 24 గంటలూ పలుకుతారు. ఫిట్స్ వస్తే 000.