దారి చూపే తోడు

రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గదా అని ఊరుకుంటారు చాలామంది ఆడవాళ్లు. కానీ క్యాన్సర్ గడ్డకు మొదట్లో తరచుగా నొప్పి ఉండదు. నొప్పి వచ్చేసరికి జబ్బు ముదిరిపోవచ్చు.

కొందరు డాక్టరుకు చూపించుకుంటారు. డాక్టరు పరీక్షకు చీటీ రాస్తారు. ఆ చీటీ ఇంటికొచ్చి గూట్లో ఉండిపోతుంది. ఎందుకు? పట్నంలో పెద్దాసుపత్రి ఎక్కడుందో తెలియదు. ఏ గదికి పోవాలో తెలియదు. వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. చంటిబిడ్డను ఎవరు చూస్తారు? అన్నిటినీ మించి భయం.

ఇది మన ఊళ్లలోనే అనుకోకండి. డబ్బున్న అమెరికాలోనూ ఇదే జరిగింది.

అమెరికాలో న్యూయార్క్ పెద్ద నగరం. అందులో హార్లెమ్ ఒక పేట. అక్కడ నల్లజాతి వాళ్లు ఎక్కువ. బీదవాళ్లూ ఎక్కువే. హార్లెమ్ ఆసుపత్రిలో హెరాల్డ్ ఫ్రీమన్ అనే డాక్టరు ఆపరేషన్లు చేసేవారు. ఆయనా నల్లజాతి వారే. ఆయన 1967లో అక్కడ చేరారు. రొమ్ము క్యాన్సర్‌తో వచ్చే ఆడవాళ్లలో దాదాపు సగం మందికి జబ్బు అప్పటికే ముదిరి ఉండేది. 1964 నుంచి 1986 దాకా ఆ ఆసుపత్రికి వచ్చిన 606 మంది లెక్క తీశారు. నూటికి 39 మందే అయిదేళ్లు బతికారు.

ఆసుపత్రి పక్కనే ఉంది. డాక్టర్లు ఉన్నారు. అయినా ఆడవాళ్లు ఆలస్యంగా వస్తున్నారు. ఫ్రీమన్ 1979లో ఉచిత పరీక్షలు మొదలుపెట్టారు. అదీ చాలలేదు. పరీక్షలో అనుమానం తేలాక కూడా కొందరు మళ్లీ వచ్చేవారు కాదు. అందుకని 1990లో ఆయన ఇంకో ఏర్పాటు చేశారు. అనుమానం తేలిన వాళ్లకు తోడు మనిషిని ఇచ్చారు. ఇంగ్లీషులో వీళ్లను పేషెంట్ నావిగేటర్ అంటారు. అంటే రోగికి దారి చూపే మనిషి.

ఈ తోడు మనిషి డాక్టరు కాదు. మందు ఇవ్వదు, సూది వేయదు. ఆ పేట సంగతులు తెలిసిన మనిషి. రోగి పక్కన కూర్చుని, "రావడానికి నీకేం అడ్డమొస్తోంది?" అని అడుగుతుంది. ఒకామెకు డబ్బు అడ్డం. ఆమెకు వచ్చే సాయం కోసం కాగితాలు నింపిస్తుంది. ఒకామెకు బస్సు దొరకదు. ఒకామెకు పిల్లలను చూసేవాళ్లు లేరు. ఒకామెకు డాక్టరు మాట అర్థం కాదు. ఎవరి అడ్డు వారిది. అది తీరేదాకా, వైద్యం మొదలయ్యేదాకా తోడు మనిషి వదలదు.

1995 నుంచి 2000 దాకా వచ్చిన 325 మంది లెక్క మళ్లీ తీశారు. ఈసారి నూటికి 70 మంది అయిదేళ్లు బతికారు. ఇదంతా తోడు వాళ్ల వల్లే అనడం సరికాదు. ఉచిత పరీక్షలు ఉన్నాయి. మందులూ మెరుగయ్యాయి. కానీ వచ్చినవాళ్లకే గదా మందు అందేది!

మన దేశంలో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి ఈ పని చేస్తోంది. 2019లో ఇందుకు ప్రత్యేకంగా చదువు మొదలైంది. దాని పేరు కేవట్. రాముణ్ణి గంగ దాటించిన పడవవాణ్ణి హిందీలో కేవట్ అంటారు. ఎంత చక్కని పేరు!

మరి మన దగ్గర? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. క్యాన్సర్ వైద్యం కూడా అందులో ఉంది. ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీ అనే అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అంటారు. పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఒక బల్ల దగ్గర ఆరోగ్య మిత్ర ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లే వైద్య మిత్ర. వాళ్లకు కార్డు చూపించాలి. కాగితాలేం కావాలో, ఎక్కడికి పోవాలో వాళ్లనే అడగాలి. అడగడానికి సిగ్గుపడొద్దు. చెప్పడం వాళ్ల ఉద్యోగం.

అయితే మిత్ర ఆసుపత్రిలో ఉంటారు. ఇంటి నుంచి అక్కడిదాకా ఎవరు? ఆశా కార్యకర్తను అడగొచ్చు. పొదుపు సంఘంలో చదువొచ్చిన అక్క వెంట పోవచ్చు. పాత చీటీలు, రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోవాలి. "మళ్లీ ఎప్పుడు రావాలి? ఏ గదికి రావాలి?" అని అడిగి, తేదీ రాయించుకున్నాకే ఇంటికి బయలుదేరాలి.

మాట్లాడుకుందాం:
మీ ఊరి నుంచి పెద్దాసుపత్రికి ఏ బస్సు పోతుంది?
మీ సంఘంలో ఎవరైనా పరీక్షకు పోకుండా ఆగిపోయారా? ఆమెకు ఏం అడ్డమొచ్చింది?