‘నేరం ఒప్పుకున్నాడు’ అని వార్త వస్తే...

2002 సెప్టెంబరు 24న గాంధీనగర్‌లోని అక్షరధామ్ ఆలయంలోకి ఇద్దరు సాయుధులు చొరబడి భక్తులపై కాల్పులు జరిపారు. ముప్పై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కమాండోల ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ చనిపోయారు. వాళ్లకు సాయం చేసిందెవరో దాదాపు ఏడాదిదాకా తేలలేదు. 2003 ఆగస్టు చివర్లో ఉన్నట్టుండి అరెస్టులు జరిగాయి. 2006లో పోటా (ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు ఆరుగురిని దోషులుగా తేల్చి, ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. 2010లో గుజరాత్ హైకోర్టు ఆ శిక్షల్ని ఖరారు చేసింది.

2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే రోజు లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. టీవీ తెరల నిండా మెజారిటీల లెక్కలే. అరెస్టు వార్త చూసినవాళ్లలో ఎంతమందికి ఈ తీర్పు గురించి తెలిసి ఉంటుంది?

ఉరితాడు దాకా తీసుకెళ్లిన సాక్ష్యం ఏమిటో చూడాలి. ప్రధానమైనవి రెండు. మొదటిది, చనిపోయిన సాయుధుల ప్యాంటు జేబుల్లో దొరికాయన్న రెండు ఉర్దూ ఉత్తరాలు. వాటిని రాసింది నిందితుల్లో ఒకరైన మతగురువేనన్నది ప్రాసిక్యూషన్ వాదన. ఆ బట్టలు నెత్తురుతో తడిసిపోయి, తూటాలకు చిల్లులు పడి ఉన్నాయి. జేబుల్లోని కాగితాలకు మాత్రం ఒక్క రక్తపు మరకా లేదు, ఒక్క చిల్లూ లేదు. అంత శుభ్రమైన ఉత్తరాలు ఆ జేబుల్లోంచే వచ్చాయంటే సుప్రీంకోర్టు నమ్మలేదు.

రెండోది, నేరాంగీకార వాంగ్మూలాలు. పోలీసు ఉన్నతాధికారి నమోదు చేసిన వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు పోటా చట్టంలో ఉండేది. దానికి ఆ చట్టమే కొన్ని జాగ్రత్తలు విధించింది. వాటిని పాటించలేదని తేలడంతో వాంగ్మూలాలూ వీగిపోయాయి. ఇంత ఘోరమైన కేసులో దర్యాప్తు ఇంత అసమర్థంగా సాగిందని న్యాయస్థానం ఆవేదన వ్యక్తం చేసింది. నిరపరాధుల జీవితాల్లో ఏళ్లకేళ్లు జైల్లో కరిగిపోయాయి. అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకూ న్యాయం దక్కలేదు.

మన దినపత్రికల్లో ‘పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. ముసుగులేసి నిలబెట్టిన నిందితుల ఫొటో దాని పక్కనే ఉంటుంది. అది చదివాక కేసు తేలిపోయిందనుకోవడం సహజం. పోటా లాంటి ప్రత్యేక చట్టాలను పక్కనపెడితే, చట్టం దృష్టిలో ఆ అంగీకారానికి సాక్ష్య విలువ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ప్రకారం, పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా దాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదు. ఈ సెక్షన్‌లో మినహాయింపు ఒక్కటే. ‘కత్తి ఫలానా బావిలో పడేశాను’ అని చెప్పి, నిజంగా అక్కడే కత్తి దొరికితే, ఆ దొరకడానికి దారితీసిన మాటల వరకే కోర్టు తీసుకుంటుంది.

మేజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలం సంగతి వేరు. నేరం ఒప్పుకోవాల్సిన అవసరం లేదనీ, ఒప్పుకుంటే అది సాక్ష్యమవుతుందనీ ఆయన ముందే హెచ్చరించాలి. వాంగ్మూలం ఇవ్వనంటే నిందితుణ్ని తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 183వ సెక్షన్ ఈ రక్షణ ఇస్తోంది.

బొంబాయి హైకోర్టు 2021 జనవరిలో మీడియా విచారణలపై ఇచ్చిన తీర్పులోనూ ఇదే చెప్పింది. పోలీసుల ముందు ఒప్పుకున్నాడన్న మాటను, దాని చట్టపరమైన పరిమితి చెప్పకుండా, చెల్లుబాటయ్యే సాక్ష్యంలా ప్రచారం చేయకూడదంది. ఆ మాటను ముందే నమ్మేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లు కళ్లారా చూశారు. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర ‘దిశ’ హత్యాచార కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసులపై పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటపెట్టింది. అసలు కేసులో విచారణే జరగలేదు.

ఇంట్లో ఎవరినైనా అరెస్టు చేస్తే మొదటి 24 గంటలు కీలకం. ఏ కారణంతో అరెస్టు చేశారో పోలీసులు చెప్పాలి, బంధువుకో స్నేహితుడికో కబురందించాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ సాగుతున్నంతసేపూ కాకపోయినా, ఆ సమయంలో లాయరును కలిసే హక్కుంది. వైద్య పరీక్ష చేయించాలి. కొట్టి ఉంటే ఆ మాట మేజిస్ట్రేటుకు అక్కడే చెప్పి, రికార్డు చేయమని కోరాలి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ స్పందిస్తుంది.

అక్షరధామ్ కేసులోలా వ్యవహారం ఉరిశిక్ష దాకా వెళ్లినా దారులుంటాయి. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసినా, హైకోర్టు ఖరారు చేయందే అది అమలు కాదు. ఆపైన సుప్రీంకోర్టులో అప్పీలు, బహిరంగ కోర్టులో వాదన వినాల్సిన రివ్యూ, క్యూరేటివ్ పిటిషన్, క్షమాభిక్ష అభ్యర్థన ఉంటాయి.

తప్పుడు కేసులో జైలు పాలైనవారికి పరిహారం ఇచ్చేందుకు చట్టం తేవాలని లా కమిషన్ 2018లో 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం ఇంకా రాలేదు. ఇప్పటికైతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయడం ఒక దారి. అందుకని ఎఫ్ఐఆర్, రిమాండ్ రిపోర్టు, వైద్య పరీక్ష నివేదికల నకళ్లను కుటుంబం మొదటి రోజు నుంచే సేకరించి భద్రపరచుకోవాలి.