ముందు చిన్న ఆట పూర్తి చేయండి

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. ఆర్‌పీజీ మేకర్ ఎంవీలో మంత్రాలు, రాక్షసులతో సొంతంగా ఆట తయారుచేస్తున్నాను. ఎంతకీ పూర్తి కావట్లేదు. ఏం చేయాలి?

జవాబు: కథ తగ్గించండి. ఒక ఊరు, ఒక అడవి, ఒక గుహ, చివర్లో ఒక రాక్షసుడు. అరగంట ఆట చాలు. ఊరికి 17 గడుల వెడల్పు, 13 గడుల ఎత్తు పెడితే మ్యాపు మొత్తం ఒకే తెరలో ఇమిడిపోతుంది. పెట్టె తెరవగానే తాళంచెవి దొరకాలి, రెండోసారి తెరిస్తే ఖాళీగా ఉండాలి. అందుకు సెల్ఫ్ స్విచ్ వేసి, ఈవెంట్‌లో రెండో పేజీ పెట్టండి. తర్వాత స్నేహితుడితో ఆడించి, ఎక్కడ తడబడుతున్నాడో మాట్లాడకుండా గమనించండి. 2004లో వచ్చిన ‘యుమే నిక్కి’ ఆటను ‘ఆర్‌పీజీ మేకర్ 2003’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కరే తయారుచేశారు. మీరూ చేయగలరు.