చిల్లులోంచి పుట్టిన గొంగళిపురుగు

ప్రశ్న: నేను గ్రాఫిక్ డిజైనర్‌ని. డిజైన్ ప్రసంగాలు తెగ వింటున్నాను, కొత్త ఆలోచన మాత్రం తట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఎరిక్ కార్ల్ పిల్లల పుస్తకాలు తిరగేయండి. ఆయనా గ్రాఫిక్ డిజైనరే. ఒకరోజు పంచింగ్ మిషన్‌తో కాగితాల దొంతరకు చిల్లులు వేస్తుంటే పుస్తకాల పురుగు గుర్తొచ్చిందట. ఎడిటర్ సలహాతో అది గొంగళిపురుగైంది. అలా 1969లో 'ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్' వచ్చింది. పేజీలకు నిజంగానే చిల్లులుంటాయి; వేలు దూర్చని పిల్లలుండరు! బొమ్మల కోసం కార్ల్ టిష్యూ కాగితాలకు తానే రంగులు పూసి, కత్తిరించి అతికించేవారు. ఆ గొంగళిపురుగు పచ్చని ఒంటిని దగ్గరగా చూడండి, కుంచె జాడలు కనిపిస్తాయి. నాకెంతో ఇష్టమైన పని అది. ఈ వారం కంప్యూటర్ కట్టేసి, మీరూ కాగితాలకు రంగులు పూయండి. ప్రసంగాలంటారా, వారానికొకటి చాలు. చేతికి పని చెప్పే మాట వినబడగానే ఆపేసి బల్ల దగ్గర కూర్చోండి.