నాగేటి చాళ్ళ పందెం

మా ఊరి ఎడ్లు గొప్పవంటే మా ఊరివే గొప్పవని పంతాలకు పోవడం మన పల్లెలకు కొత్త కాదు. అటువంటి పంతమే ఒకటి ఐరోపా ఖండపు పడమటి అంచున ఉన్న ఐర్లండులో ఒక మహాసంస్థకు బీజమైంది. కిల్డేర్ జిల్లాలోని అథాయ్ పట్టణానికి చెందిన జె.జె. బెర్గిన్, వెక్స్‌ఫర్డ్ జిల్లాకు చెందిన డెనిస్ ఆలెన్ మిత్రులు. ఉత్తమ హాలికులు ఎవరి జిల్లాలో ఉన్నారన్న విషయమై వారి నడుమ వాదం చెలరేగింది. మాటలతో తేలని ఆ వాదాన్ని మట్టిలోనే తేల్చుకోదలచారు. 1931 ఫిబ్రవరి 16వ తేదీన అథాయ్ సమీపంలోని 26 ఎకరాల పొలంలో గుర్రాలు పూన్చిన నాగళ్ళతో తొలి అంతర్‌జిల్లా పోటీ జరిగింది. వెక్స్‌ఫర్డ్ గెలిచింది. ఆతిథ్యమిచ్చిన కిల్డేర్ ఓడింది. అయినప్పటికీ బెర్గిన్ ఆ పోటీని ఏటేటి ఉత్సవంగా మలచి, 1958లో మరణించే వరకు జాతీయ హాలిక సంఘానికి ప్రాణంగా నిలిచాడు.

ఈ పోటీ వెనుక వినోదం మాత్రమే ఉన్నదనుకోరాదు. ఐర్లండు ప్రధానంగా పచ్చిక బయళ్ళ దేశం. అక్కడి రైతుకు పశుపోషణ మీద ఉన్నంత మక్కువ సేద్యం మీద ఉండేది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఓడల మీద వచ్చే ధాన్యం తగ్గిపోగా, ప్రతి రైతూ తన భూమిలో కొంత భాగాన్ని తప్పక దున్నవలెనని ప్రభుత్వం శాసించింది. దున్నడం తెలిసిన చేతుల విలువ దేశానికి అప్పుడు బాగా తెలిసివచ్చింది.

ఇంతకూ దున్నడంలో పోటీ ఏమిటని మీకు సందేహం కలుగవచ్చు. మన కర్ర నాగలి నేలను చీల్చుతుందే గాని తిరగవేయదు. అక్కడి నాగలికి కర్రు వెనుక వంపు తిరిగిన ఇనుప రెక్క ఉంటుంది. కర్రు కోసిన మట్టిని ఆ రెక్క పక్కకు బోర్లిస్తుంది. పోటీదారుకు కొలిచిన మడిని ఇచ్చి, కాలపరిమితి విధిస్తారు. అతడు గురికర్రలు నాటి, వాటి వంక చూపు నిలిపి తొలి చాలు తీస్తాడు. ఆ చాలు వంకరపోతే తక్కిన చాళ్ళన్నీ దాని వంకరనే అనుసరిస్తాయి. చాళ్ళు తిన్నగా, ఒకే లోతున సాగాలి. గడ్డి పరక కూడా పైకి కనబడకుండా మట్టిలో పూడిపోవాలి. చివరి చాలు ఇరుకుగా, శుభ్రంగా ముగియాలి. వేగానికి బహుమతి లేదు. న్యాయనిర్ణేతలు మడి వెంట నడిచి, వంగి, మట్టిని పరీక్షించి మార్కులు వేస్తారు. ఓపిక లేనివాడు ఇందులో నెగ్గలేడు.

యుద్ధానంతరం ఈ క్రీడ దేశాల ఎల్లలు దాటింది. 1952లో ప్రపంచ హాలిక సంస్థ ఏర్పడింది. 1953లో కెనడాలోని కోబర్గ్‌లో తొలి ప్రపంచ పోటీ, మరుసటి యేడు ఐర్లండులోని కిలార్నీలో రెండవ పోటీ జరిగాయి. పోటీ జరిగిన చోట శాంతికి గుర్తుగా రాళ్ళతో ఒక స్తూపాన్ని నిర్మించడం ఈ సంస్థ ఆచారం. 1964లో ఆస్ట్రియాలో జరిగిన పోటీలో చార్లీ కీగన్ అనే ఐరిష్ రైతు విశ్వవిజేతగా నిలిచాడు.

నాగలి పురుషులకే పరిమితమన్న భావన కూడా క్రమంగా సడలింది. 1955లో స్త్రీలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. బెర్గిన్ వద్ద కార్యదర్శిగా పని ప్రారంభించిన అన్నా మే మెక్‌హ్యూ 1973లో సంఘ నిర్వహణ బాధ్యతలు స్వీకరించి దశాబ్దాల పాటు దానిని నడిపింది. ఆమె హయాంలో పోటీ ఒక మహాజాతరగా పెరిగింది. 2019లో మూడు రోజులలో దాదాపు 2,97,000 మంది తరలివచ్చారు. యంత్రాల దుకాణాలు, పశుప్రదర్శనలు, తినుబండారాల అంగళ్ళు, ఓట్లకై వచ్చే రాజకీయ నాయకులు! ఇంత సందడిలో అసలు దున్నకం జరిగే పొలం వంకకు పోకుండానే ఇల్లు చేరేవారు కొందరుంటారంటే ఆశ్చర్యం లేదు.

ఆ పొలంలో ట్రాక్టర్లదే రాజ్యం. అయితే గుర్రపు నాగళ్ళ విభాగాన్ని సంఘం తొలగించలేదు. బతుకుతెరువు కోసం గుర్రంతో దున్నే రైతు దాదాపు కనుమరుగైనా, పోటీ నాడు జోడు గుర్రాలను అదిలిస్తూ మేడి పట్టి నడిచే మనుషులు కనబడుతూనే ఉంటారు. అక్కడ యంత్రపు హోరు కొంత దూరమై, కర్రు మట్టిని కోసే చప్పుడు చెవికి సోకుతుంది.